పేరునకు వెలయా, ఆటకు వెలయా?

ఫుట్‌బాలు ఆటలకు ఏటేట ఒక విరామకాలము కలదు. ఆ దినములలో మైదానమున గడ్డి పెరుగును. క్లబ్బు కార్యాలయమున వాదము పెరుగును. ‘ఫలానా ఆటగాడు వచ్చుటకు సిద్ధముగా నున్నాడట. అడిగిన సొమ్ము మాత్రము చాల ఎక్కువ. వయస్సు ముప్పదిమూడు దాటినది. తీసికొనవచ్చునా, కూడదా?’ ఈ ప్రశ్న లండనులోను, మిలానులోను, కోల్‌కతాలోను, హైదరాబాదులోను ఒకే తీరున వినవచ్చును. అభిమానులు రెండు పక్షములుగా చీలుదురు. ఒక పక్షమువారు అతడు పూర్వము కొట్టిన గోలులను లెక్కింతురు. రెండవ పక్షమువారు అతని జాతకచక్రమును విప్పుదురు. ఈ రెండు లెక్కలును అవసరమే గాని, వీనితోనే తీర్పు చెప్పుట తగదని మా అభిప్రాయము. ఎందుచేత తగదో, మరి దేనిని చూచి తీర్పు చెప్పవలెనో, జరిగిన ఉదాహరణములను బట్టి నేడు మనవి చేయుదుము.

ముందుగా సొమ్ము సంగతి. ఆటగాని వెల యనగా ఒక్క సంఖ్య కాదు. అతడు వేరొక క్లబ్బుతో ఒడంబడికలో నున్నచో, గడువు తీరకముందే విడిపించుకొనుటకు ఆ క్లబ్బునకు చెల్లింపవలసిన రుసుము మొదటిది. ఆటగానికి ఏటేట ఈయవలసిన జీతము రెండవది. గోలునకింత, విజయమునకింత యని చేర్చు బహుమానములును, మధ్యవర్తుల ప్రతిఫలమును మూడవది. ఒడంబడిక తీరిన ఆటగానికి మొదటి రుసుము ఉండదు. అట్టివాడు వచ్చినప్పుడు ‘ఉచితముగా వచ్చినాడు’ అని పత్రికలు వ్రాయును. కాని జీతము ఉచితము కాదు గదా! రుసుము మిగిలినదను మిషతో జీతమును హెచ్చుగా కోరుటయు కద్దు.

ఇక ఇరువదిరెండేండ్ల యువకునికిని, ముప్పదిమూడేండ్ల ప్రసిద్ధునికిని ఒకే రుసుము చెల్లించిరనుకొందము. పద్దు పుస్తకమున రెండు సంఖ్యలును సమానమే. కాని యువకుని నాలుగేండ్లు ఆడించుకొని, పిదప వేరొక క్లబ్బునకు అమ్ముకొనవచ్చును. పెట్టిన సొమ్ము తిరిగి రావచ్చును. ఒక్కొక్కప్పుడు అంతకు మించియు రావచ్చును. పెద్దవాని విషయమున ఆ ఆశ దాదాపు లేదు. అతనికై పెట్టినదంతయు అతడు ఆడు రెండు మూడు సంవత్సరములలోనే రాబట్టుకొనవలెను.

మన పల్లెలలో పాడిగేదెను కొనువాడు ఈ శాస్త్రమును ఎవరి యొద్దను చదువలేదు. అయినను బేరమునకు దిగకముందే ‘ఎన్నవ ఈత?’ అని అడుగును. పోయిన యేడు బిందెడు పాలిచ్చినదని అమ్మువాడు ఎంత పొగడినను, పూట పాలు పిండించి చూడనిదే సొమ్ము విప్పడు. ఫుట్‌బాలు క్లబ్బుల యజమానులు కోట్లకు అధిపతులై యుండియు ఈ పాటి జాగ్రత్తను మరచుట అప్పుడప్పుడు చూచుచున్నాము.

వయస్సు ఆటగాని నుండి అన్నిటిని ఒక్కసారి హరింపదు. మొదట తగ్గునది పరుగులోని విసురు. నిలిచిన చోటు నుండి పది గజములు బాణము వలె దూసుకొని పోవు శక్తి ముప్పది దాటిన పిదప క్రమముగా సన్నగిల్లును. ఒక ఆటకును మరియొక ఆటకును నడుమ కావలసిన విశ్రాంతి పెరుగును. గాయము మానుటకు దినములు హెచ్చగును. కాని బంతిని ఎచ్చటికి పంపవలెనను తెలివి, ఎదుటివాడు చేయబోవు పనిని ముందే పసిగట్టు చూపు, గోలు ఎదుట తొందరపడని స్థైర్యము, ఇవి తగ్గవు, పెరుగుటయు కద్దు. అందుచేతనే గోల్‌కీపరులును, వెనుక వరుసలో నిలుచు బ్యాకులును దీర్ఘకాలము ఆడుదురు. ప్రక్కవాటున పరుగెత్తు వింగ్ ఆటగాండ్రు త్వరగా అలసిపోవుదురు. కాబట్టి వయస్సెంత యని అడుగుటకంటె, ఆ వయస్సులో ఏ స్థానమున, ఏ పనికి అని అడుగుట మేలు.

ఈ సూత్రమునకే ఎదురు నిలిచిన మహనీయుడొకడు లేకపోలేదు. అతడు ఇంగ్లాండు దేశపు స్టాన్లీ మాథ్యూస్. 1915లో జన్మించిన ఈయన కుడివైపు వింగ్ ఆటగాడు. స్టోక్ సిటీ జట్టున ఆట నేర్చి, 1947లో బ్లాక్‌పూల్ జట్టునకు పోయెను. 1961 అక్టోబరులో స్టోక్ మేనేజరు టోనీ వాడింగ్టన్ ఆయనను తిరిగి పిలిచెను. అప్పటికి మాథ్యూస్ వయస్సు 46 సంవత్సరములు! ఆ వయస్సున మన యిండ్లలో పెద్దలు కూతుండ్ర పెండ్లిండ్ల గురించి ఆలోచించుచుందురు. స్టోక్ జట్టు అప్పుడు రెండవ డివిజనులో ఉండెను. మైదానము వెలవెలబోవుచుండెను. అంతకు ముందు సొంత మైదానమున జరిగిన ఆటకు 8,409 మంది మాత్రమే వచ్చిరి. మాథ్యూస్ తిరిగి అడుగిడిన దినమున, హడర్స్‌ఫీల్డుతో జరిగిన ఆటకు 35,974 మంది వచ్చిరి. బ్లాక్‌పూల్‌కు చెల్లించిన సొమ్ము నాలుగు వేల పౌనులకు లోపే. 1963లో స్టోక్ జట్టు రెండవ డివిజనులో ప్రథమస్థానము గడించి మొదటి డివిజనునకు ఎక్కెను. మాథ్యూస్ తన చివరి లీగు ఆటను 1965 ఫిబ్రవరి 6న, ఏబదియేండ్లు నిండిన అయిదు దినములకు ఆడెను.

ఈ కథ వినినవారు ‘చూచితిరా, వయస్సు అడ్డు కాదు!’ అని చప్పట్లు కొట్టుదురు. కాని మేము ఇందు గ్రహించునది వేరు. వాడింగ్టన్ పెట్టినది స్వల్పము. మాథ్యూస్ ఒకవేళ ఆడలేక కూలబడినను, క్లబ్బు కూలబడదు. జనము రాకపోవుట అను స్పష్టమైన లోపము ఉండెను; ఆ లోపమును తీర్చుటకు ఆ ఊరి బిడ్డకంటె తగినవాడు లేడు. పోయిన ప్రేక్షకులు తిరిగి వచ్చిరి. పెట్టినది తక్కువ, వచ్చినది ఎక్కువ. పోయినను ప్రమాదము లేదు. మంచి బేరమునకు ఇంతకు మించిన లక్షణము లేదు.

ఇక అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి కథ. 1975 జూన్ నెలలో న్యూయార్కు కాస్మోస్ క్లబ్బు బ్రెజిలు వీరుడు పీలేను తీసికొనెను. అప్పటికి ఆయనకు 34 ఏండ్లు. మూడు పర్యాయములు ప్రపంచకప్పు గెలిచిన జట్లలో ఆడినవాడు. తన సాంటోస్ క్లబ్బు నుండి అప్పటికే విరమించినవాడు. ఆయనకిచ్చిన సొమ్ము ఆ దినములలో లోకమును విస్మయపరచెను. అమెరికా జనులకు అప్పటికి ఈ ఆటపై మక్కువ స్వల్పము. 1974లో కాస్మోస్ ఆటలకు వచ్చిన వారి సగటు సంఖ్య 3,578. 1977 నాటికి అది 34,142కు పెరిగెను. ఆ యేడు ఆగస్టు 14న ఒక్క ఆటకే 77,691 మంది వచ్చిరి. ఆ నెలలోనే కాస్మోస్ లీగు విజేతయైనది. ఆ సెప్టెంబరు 24న పీలే కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్సుకు వచ్చి మోహన్ బగానుతో ఆడెను. ఆట 2–2గా ముగిసెను. వానకు తడిసిన ఆ మైదానమున పీలే మెరుపులు అంతగా కనబడకపోయినను, ఆ సాయంకాలమును చూచినవారు ఆజన్మాంతము చెప్పుకొనిరి.

కాస్మోస్ పెట్టిన సొమ్మునకు ఫలము దక్కినదని ఒప్పుకొనవలెను. కాని పీలే ఆడిన లీగు ఏమైనది? మిగిలిన క్లబ్బులు కాస్మోసును చూచి తామును విదేశీ ప్రసిద్ధులకై ఎగబడినవి. వాని మైదానములు నిండలేదు. ఖజానాలు మాత్రము ఖాళీ అయినవి. 1978లో 24 జట్లున్న లీగు 1984 నాటికి 9 జట్లకు తగ్గి, ఆ యేటితో ఆటలు నిలిచిపోయెను. నక్కను చూచి పులి వాతలు పెట్టుకొనదు గాని, పులిని చూచి నక్క పెట్టుకొనును. కాస్మోసునకు వెనుక గొప్ప వ్యాపారసంస్థ ఉండెను, న్యూయార్కు వంటి నగరము ఉండెను. ఆ రెండును లేనివారు ఆ వెలకు పోటీపడుట వలన చేటు కలిగెను. అయితే పీలే ఆట చూచి బంతి పట్టిన బాలబాలికలు లీగు పోయినను ఆట మానలేదు. 1994లో ప్రపంచకప్పు పోటీలు అమెరికాలో జరిగినవి. 1996లో క్రొత్త లీగు ఆరంభమైనది. అనగా పీలే మిగిల్చిన ఫలము ఉన్నది. అది పద్దు పుస్తకములో గాక పాఠశాలల మైదానములలో మిగిలినది.

మన కాలమున అందరి నోళ్ళలో నానిన ఉదాహరణము క్రిస్టియానో రొనాల్డోది. 2018 జూలైలో ఇటలీ దేశపు యువెంటస్ క్లబ్బు ఈయనను 10 కోట్ల యూరోలు చెల్లించి, మరి 1 కోటి 20 లక్షల వరకు ఇతర వ్యయములు భరించి, నాలుగేండ్లకు తీసికొనెను. వయస్సు 33. జీతము పన్నులు పోను ఏటికి సుమారు 3 కోట్ల యూరోలని పత్రికలు వ్రాసినవి. యువెంటస్ అప్పటికే ఇటలీలో వరుసగా ఏడు పర్యాయములు విజేత. దానికి కావలసినది దేశవిజయము కాదు. యూరపు ఖండపు చాంపియన్స్ కప్పు. 2015లోను, 2017లోను తుదిపోటీ దాక పోయి వట్టిచేతులతో వచ్చిన క్లబ్బది. ఆ ఒక్క మెట్టు ఎక్కుటకు రొనాల్డో వచ్చెను.

వచ్చి ఏమి చేసెను? మూడేండ్లలో 134 ఆటలు ఆడి 101 గోలులు కొట్టెను. ఆటగాడు తన మాట నిలుపుకొనెను. మరి క్లబ్బు? మొదటి యేడు ఏజాక్స్ చేత క్వార్టర్ ఫైనలులోను, రెండవ యేడు లియోన్ చేత, మూడవ యేడు పోర్టో చేత అంతకు ముందు అంచెలోను ఓడిపోయెను. ఇటలీ లీగులో తొలి రెండేండ్లు గెలిచి, మూడవ యేట నాలుగవ స్థానమునకు జారెను. ముగ్గురు శిక్షకులు మారిరి. 2020–21 సంవత్సరపు నష్టము దాదాపు 21 కోట్ల యూరోలు. ఇందు కరోనా మహమ్మారి పాలు పెద్దది. నేరమంతయు ఒక్క ఆటగానిపై మోపుట అన్యాయము. అయినను, కష్టకాలము వచ్చినప్పుడు కదల్చుటకు వీలులేని జీతపు బరువు నెత్తిన నుండుట ఎంత ప్రమాదమో ఆ క్లబ్బు పద్దులు చెప్పుచున్నవి. 2021 ఆగస్టులో, గడువునకు ఒక యేడు ముందే, రొనాల్డో మాంచెస్టరు యునైటెడునకు పోయెను. అచ్చటను మొదటి యేడు లీగులో 18 గోలులు కొట్టెను. జట్టు మాత్రము ఆరవ స్థానమున నిలిచెను. 2022 నవంబరులో ఉభయుల సమ్మతితో ఆ ఒడంబడికయు తీరిపోయెను.

ఒక ఆటగాడు గోలులు కొట్టుచునే యుండగా జట్టు దిగజారుట ఎట్లు సంభవించును? శ్రోతలు కొందరికి ఇది వింతగా తోచవచ్చును. ఫుట్‌బాలులో పదునొకండుగురు ఆడుదురు. బంతి పోయినప్పుడు దానిని తిరిగి పట్టుటకు అందరును పరుగెత్తవలెను. ఒకడు ఆ పరుగు మానినచో, అతని పాలు మిగిలిన పదుగురిపై పడును. బంతి దొరికినప్పుడెల్ల అందరును అతనికే అందింపజూతురు. తక్కినవారి గోలులు తగ్గును. అనగా అతని 20 గోలులు జట్టునకు క్రొత్తగా వచ్చిన 20 గోలులు కావు. అందు కొన్ని ఇతరుల కాళ్ళ నుండి మరలినవి. ఉమ్మడి కుటుంబమున ఒక్క సోదరుని సంపాదన మాత్రమే చూచి, ఇంటి ఆదాయము పెరిగినదో లేదో చూడకపోవుట వంటిదే ఈ పొరపాటు.

దీనికి మారుగా జరిగిన కథలును కలవు. 2020లో చెల్సీ క్లబ్బు థియాగో సిల్వాను 35 ఏండ్ల వయస్సున, బదిలీ రుసుము లేకయే తీసికొనెను. అతడు వెనుక వరుస ఆటగాడు. మరు సంవత్సరము మే నెలలోనే ఆ జట్టు యూరపు విజేతయైనది. 2020 జనవరిలో ఏ.సి. మిలాన్ క్లబ్బు 38 ఏండ్ల ఇబ్రహిమోవిచ్‌ను అట్లే తీసికొనెను. చుట్టును ఉన్నవారు పిన్నవయస్కులు. 2022లో మిలాన్ పదునొకండేండ్ల తరువాత ఇటలీ విజేతయైనది. ఈ రెండు జట్లలోను పెద్దవాడు ఇంటికి స్తంభమే గాని, ఇల్లంతయు తానే కాడు.

మన దేశమునకు వత్తము. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనప్పుడు, ప్రతి జట్టును ఒక ప్రసిద్ధ విదేశీయుని ముందు నిలిపెను. ఢిల్లీ జట్టునకు ఇటలీ వీరుడు డెల్ పియెరో వచ్చెను. ఆ ఋతువులోనే నలువదేండ్లు నిండినవి. అతడు కొట్టినది ఒక్క గోలు. చెన్నై జట్టునకు వచ్చిన బ్రెజిలు దేశీయుడు ఎలానో 33 ఏండ్ల వయస్సున 8 గోలులు కొట్టి అందరిలో ప్రథముడాయెను. ఒకే మార్కెట్టున, ఒకే తరుణమున రెండు బేరములు; రెండు ఫలములు. తుదిపోటీలో కోల్‌కతా జట్టునకు కప్పు గడించిన ఏకైక గోలును చివరి క్షణములలో కొట్టినవాడు మాత్రము బెంగాలు యువకుడు మహమ్మద్ రఫీక్.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణము హైదరాబాదు ఎఫ్.సి. 2019లో పుట్టిన ఈ క్లబ్బు మొదటి యేడు అట్టడుగున నిలిచెను. 2021లో నైజీరియా దేశీయుడు బార్తొలొమ్యూ ఒగ్బెచేను తీసికొనెను. 2002లో ప్రపంచకప్పు ఆడినవాడతడు. హైదరాబాదునకు ఆడునాటికి 37వ యేడు. కాని డెల్ పియెరో వలె దూరము నుండి పేరు విని పిలిచిన అతిథి కాడు. అప్పటికే మూడేండ్లు ఈ లీగులోనే మూడు జట్లకు ఆడి, ఇచ్చటి ఎండను, గాలిని, ఆటతీరును ఎరిగినవాడు. పూట పాలు పిండి చూచిన బేరమన్నమాట! ఆ ఋతువున 18 గోలులు కొట్టి లీగులో ప్రథముడాయెను. అతని వెనుక ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులు పరుగెత్తిరి. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుతో జరిగిన తుదిపోటీ 1–1గా నిలిచి, పెనాల్టీలకు పోయెను. అచ్చట మూడు బంతులను ఆపి కప్పును చేతికిచ్చినవాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని. సమము చేసిన గోలు సాహిల్ తవోరాది. ఒగ్బెచే జట్టును తుదిపోటీకి తెచ్చెను; తుదిపోటీని తక్కినవారు గెలిచిరి. మంచి జట్టు లక్షణము ఇదియే.

కాని కథ ఇంతతో ముగియలేదు. కప్పు గెలిచిన రెండేండ్లలోపునే ఆ క్లబ్బు జీతములు చెల్లింపలేని స్థితికి వచ్చెను. 2023–24 ఋతువు నడుమనే ఆటగాండ్రు పలువురు విడిచిపోయిరి. మిగిలిన యువకులు ఇరువదిరెండు ఆటలలో ఒక్కటి గెలిచి, అట్టడుగున నిలిచిరి. 2025లో క్లబ్బు హైదరాబాదును వీడి ఢిల్లీకి తరలెను, పేరును మారెను. ఈ పతనమునకు ఏ ఒక్క ఆటగాడును కారణము కాడు. కాని మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇందున్నది. ప్రసిద్ధునికి జీతము అందకున్నను పూట గడచును. అదే క్లబ్బులో ఆడు పందొమ్మిదేండ్ల పేదయింటి కుర్రవానికి, మైదానము చదును చేయు పనివానికి, బాలుర జట్టునకు శిక్షణ ఇచ్చు ఉపాధ్యాయునికి అట్లు కాదు. సొమ్ము చాలనప్పుడు మొదట మూతపడునది బాలుర శిక్షణయే. దాని చప్పుడు ఎవరికిని వినబడదు.

ఇదే హైదరాబాదు ఒకప్పుడు ఎవరిని కొని తెచ్చినది? సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన శిక్షకత్వముననే భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము పొందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరామ్ ఇరువదేండ్ల ప్రాయమున ఆ ఒలింపిక్సులో ఆడెను. ఆ తరము ప్రసిద్ధులను తెచ్చుకొనలేదు; తయారుచేసికొనెను. కాలము మారినది; ఇప్పటి లీగులకు ధనము, ప్రచారము తప్పవు. అయినను, పాడిగేదెను కొని దూడను విడిచిపెట్టు ఇల్లు ఎన్నాళ్ళు పాలు త్రాగును?

కావున, తీసికొనవచ్చునా కూడదా అను ప్రశ్నకు మా సమాధానము ఇది. తీసికొనవచ్చును, మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు దొరికినచో. జట్టులో ఏ లోపమునకు ఇతడు మందు? గోలులు కొట్టువాడు కావలెనా, వెనుక వరుసకు పెద్దదిక్కు కావలెనా, వెలవెలబోవు మైదానమునకు జనము కావలెనా? జవాబు ‘అన్నియును’ అని వచ్చినచో, అది జవాబు కాదు. ఇతడు మొదటి ఆటలోనే గాయపడి యేడంతయు కూర్చున్నను, తక్కినవారి జీతములు నెల మొదటి తేదీన అందునా? అందనిచో ఆ బేరము జూదము. ఇతడు పోయిన తరువాత ఏమి మిగులును? ఇతని ప్రక్కన ఆడి నేర్చిన ఇద్దరు యువకులు మిగిలినను చాలును. గోడపై బొమ్మ మాత్రమే మిగులునట్లయిన చాలదు.

ఒడంబడిక ఒక యేటికి, మహా అయిన రెండేటికి మించరాదు. జీతములో కొంత భాగము ఆడిన ఆటలను బట్టి ఈయవలెను. రాబోవు కప్పును నమ్మి ఈనాడు అప్పు చేయరాదు. ఇంటి పద్దు వ్రాయు గృహిణికి ఈ మాటలు క్రొత్తవి కావు. పండుగకు పట్టుచీర కొనునప్పుడు ఆమె పిల్లల బడిజీతమును ముందుగా ప్రక్కకు తీసి పెట్టును. చీర అందమును ఆమె కాదనదు. ధరను చూచి భయపడదు. బడిజీతమును మాత్రము ముట్టుకొనదు. ఫుట్‌బాలు క్లబ్బు అధ్యక్షుడు ప్రసిద్ధుని ఒడంబడికపై సంతకము చేయుటకు ముందు, బాలుర జట్టునకు రాబోవు యేటి వ్యయమును అట్లే ప్రక్కకు తీసి పెట్టునుగాక. ఆ పిమ్మట మిగిలిన సొమ్ముతో ఎంత గొప్పవానిని తెచ్చినను, అభిమానులతో పాటు మేమును మైదానమునకు పోయి చప్పట్లు కొట్టుదుము.